తలకిందుల బోర్డు

మా బంధువుల్లో సగం మందికి నేను ప్రొఫెసర్ని, మిగతా సగం మందికి మెకానిక్కుని. పెళ్లిళ్లలో మొదటి సగం నమస్కారం పెడతారు. రెండో సగం చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లి, తమ కారులో ఏసీ ఎందుకు చల్లగా రావడం లేదో అడుగుతారు. నిజానికి నేను రెండూ కాదు. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆటోమొబైల్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ని. ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. తార్నాకలో ఇల్లు, క్యాంపస్‌లో షెడ్డు, రెంటికీ మధ్య ఒక స్కూటరు. నా భూగోళం అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సర్వీసు రూల్సు, ఫైళ్ల సంగతి ఆఫీసులో గుమాస్తా చెబుతాడు, నాకంటే బాగా చెబుతాడు. ఆయన చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. అవి చెబుతాను.

పని ఏమిటంటే

క్లాసులో ప్రొఫెసరు ఇంజను బొమ్మ గీస్తాడు. ఆ బొమ్మలో బోల్టుకు ఎప్పుడూ తుప్పు పట్టదు. పిల్లలు ఆ బొమ్మ పట్టుకుని మా షెడ్డుకు వస్తారు. ఇక్కడ మొదటి బోల్టే కదలదు. రెండోది కదిలి, తల ఊడి చేతికొస్తుంది. అప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. ఆ మొహాలతో మొదలవుతుంది మన ఉద్యోగం. తల తెలుసుకున్నదాన్ని చేతికి తెలిసేలా చేయడం, అంతే పని. జీతం దానికే ఇస్తారు.

చెప్పడం తేలికే. చేతికి తెలిసింది నోటితో చెప్పడంలో ఎంత తేడా వస్తుందో నాకు రిటైరవడానికి మూడు నెలల ముందు గానీ తెలియలేదు.

గోనెపట్టా

నేను చేరినప్పుడు షెడ్డు ఫోర్‌మన్ యాదగిరి గారు. అంబర్‌పేట్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. పెద్దగా చదువుకోలేదు. ఎవరైనా కారు తెస్తే ఆయన చేసే మొదటి పని, నేల మీద గోనెపట్టా పరిచి కారు కింద దూరడం. కారు తెచ్చిన పెద్దమనిషి ఇంకా చెబుతూనే ఉంటాడు. ఈయన కాళ్లు మాత్రమే బయట కనిపిస్తుంటాయి.

ఒకసారి ఒక ప్రొఫెసరుకు కోపం వచ్చింది. "నేను మాట్లాడుతుంటే కిందికి పోతావేంది యాదగిరీ?" అన్నాడు.

"మీరు చెప్పేది మీదికెళ్లి ఇంటున్న సార్. బండి చెప్పేది కిందికెళ్లి ఇనాలె గద," అని కింద నుంచే జవాబు వచ్చింది.

ఆ ప్రొఫెసరు ఇంజను పాడైందని గట్టిగా నమ్మి వచ్చాడు. యాదగిరి గారు బయటికి వచ్చి అరచేతిలో ఒక రాయి చూపించారు. సైలెన్సరు పైరేకులో ఇరుక్కుని గలగలలాడింది అదే.

నేను అప్పుడు కొత్తగా డిప్లొమా చేసి వచ్చాను. కాకినాడ వాళ్లం, నాన్నగారి ఉద్యోగం వల్ల ఇక్కడ స్థిరపడ్డాం. ఇంట్లో అందరివీ ఇస్త్రీ చొక్కాల ఉద్యోగాలే. నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకునే షెడ్డుకు వెళ్లేవాణ్ణి. ఆ గోనెపట్టా చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆయన అది కనిపెట్టారు.

"మూర్తీ, నడుం వంగినన్ని దినాలే ఈ నౌకరి. వంగుడు బందైన దినం, కుర్సీ నౌకరేదన్న చూస్కో," అన్నారు.

ఆయన రిటైరయ్యాక పదేళ్లో పదిహేనేళ్లో నేనూ గోనెపట్టా పరుస్తూనే వచ్చాను. ఆ తర్వాత మోకాళ్ల నొప్పి వచ్చింది, పేరు వచ్చింది, "మూర్తి సారు చూస్తే చాలు" అనే మాట వచ్చింది. ఏది ముందు వచ్చిందో గుర్తు లేదు. గోనెపట్టా మాత్రం గోడకు తగిలించేశాను.

సొంత వైద్యం

ఇప్పుడు పిల్లల చేతుల్లోకి చిన్న కార్లు వస్తున్నాయి. చూడటానికి మామూలు చిన్న కారే, ఇంజనులో మాత్రం టర్బో ఉంటుంది. యాక్సిలరేటరు మీద కాలు పెడితే ముందుకు దూకుతుంది. వీటిని కొన్నవాళ్లు కొన్నట్టు ఉంచరు. వారం తిరక్కుండా ఏదో ఒకటి మారుస్తారు. నేను చూసినంతలో వరస ఒకటే. ముందు చప్పుడు పెంచుతారు. తర్వాత లైట్లు. తర్వాత స్ప్రింగులు మార్చి కారును నేలకు దించుతారు. తర్వాత ఇంజనుకు బలం పెంచుతారు. బ్రేకుల దగ్గరికి ఎవరూ రారు. ఒక్కరిని తప్ప, ఆగడం మీద మోజు పడ్డవాళ్లను ఇంతవరకు చూడలేదు.

వాళ్లను నేను వెక్కిరించను. సిలబస్ కంటే ఆ కార్ల మీద ఎక్కువ నేర్చుకున్నారు వాళ్లు. ఒకతను తన కారు స్ప్రింగులు తనే మార్చుకున్నాడు, పనంతా పద్ధతిగా చేశాడు. రెండు నెలలకు ముందు చక్రాల దగ్గర టకటక మొదలైంది. ఒక్కో భాగం మార్చుకుంటూ పోయాడు, టకటక పోలేదు. కారణం ఇదీ: కారును జాకీల మీద ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బిగించేశాడు. ఆ బోల్టులు బుష్‌లనే రబ్బరు గొట్టాల గుండా పోతాయి. కారు కిందికి దిగి బరువు పడగానే రబ్బరు మెలి తిరిగిపోయింది. మెలితో తిరిగీ తిరిగీ చినిగింది. కారును నేల మీదికి దించి, దాని బరువు దాని మీద పడ్డాక బిగించాలి ఆ బోల్టులు. ఇది అతనికి చెప్పి, నాలో నేను మురిసిపోయాను. అవతలివాడి తప్పు పట్టినప్పుడు కలిగే ఆనందం మా వృత్తిలో జీతం కంటే గట్టిది. అదే మనకు చెరుపు కూడా.

రజిత, ఆమె కారు

రజిత జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చింది. వాళ్లది వ్యవసాయం. పొలంలో మోటారు చెడిపోతే మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా తనే విప్పేదట. డిప్లొమా చేసి, మా కాలేజీలో బీటెక్ చేసి, మా షెడ్డులోనే కాంట్రాక్టు మీద ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. వారాసిగూడలో గది. మూడేళ్లు నా పక్కన పని చేసింది. నేను రిటైరైతే ఆ పోస్టు ఆమెకు ఇవ్వాలని డిపార్ట్‌మెంట్ అనుకుంది. ఇస్తే ఉద్యోగం పర్మనెంటు. ఇవ్వకపోతే ఆ ఏడాదితో కాంట్రాక్టు అయిపోతుంది, షెడ్డు గడప దాటాల్సిందే.

ఎవరో కొని, గుద్దించి, వదిలించుకున్న ఎర్ర టర్బో కారు ఒకటి కొనుక్కుంది రజిత. అందరిలా చప్పుడు దగ్గర మొదలుపెట్టలేదు. బ్రేకుల దగ్గర మొదలుపెట్టింది. నాకు ముచ్చటేసింది.

"ఇదేమిటమ్మా, అందరూ పరిగెత్తించడానికి చూస్తుంటే నువ్వు ఆపడానికి చూస్తున్నావు?" అన్నాను.

"ఆగుతదన్న నమ్మకముంటే కదా సార్ ఉరికించేది," అంది. "ఇంకోటి సార్. నాకు ఈ పోస్టొస్తే పిల్లలకు బోర్డు మీద కాదు, ఈ బండి మీద నేర్పుత."

బోర్డు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. కారులో పెడల్ తొక్కితే పైపుల్లోని బ్రేక్ ఆయిల్ వెళ్లి, చక్రం దగ్గరున్న కాలిపర్‌ను బిగిస్తుంది. కాలిపర్ ఒక ఇనుప పిడికిలి అనుకోండి, అది ప్యాడ్లనే రెండు బిళ్లలతో, చక్రంతో పాటు తిరిగే డిస్కును గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఆయిల్లో గాలి చేరితే తొక్కిన బలమంతా గాలిని నొక్కడానికే పోతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. గాలి తీయడానికి కాలిపర్‌కు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని నిపుల్ అంటాం. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పడితే, ఇంకొకరు కింద నిపుల్ వదులు చేసి బుడగలు పోనిచ్చి బిగిస్తారు. "తొక్కు, పట్టు, వదులు" అన్న మూడు మాటలు మా షెడ్డులో మంత్రంలా వినిపిస్తుంటాయి.

ఈ పని పిల్లలకు చూపించడానికి ఇరవై రెండేళ్ల కిందట నేనే ఒక బోర్డు చేశాను. ప్లైవుడ్ పలక, దాని మీద పెడల్, లోపల ఆయిల్ కనిపించే పైపులు, ఒక డిస్కు, ఒక కాలిపర్, కింద గాజు సీసా. నిపుల్ వదిలితే బుడగలు సీసాలోకి రావడం క్లాసంతటికీ కనిపించేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు దాని ముందు ఆగి మరీ మెచ్చుకునేవారు. ఆ బోర్డు మీద నేర్చుకోని పిల్లవాడు మా కాలేజీలో లేడు. రజిత కూడా దాని మీదే నేర్చుకుంది.

నేను వంగని రోజు

అదే కంపెనీ పెద్ద కారు కాలిపర్లు రెండు కబాడీలో, అంటే పాత ఇనుప సామాను కొట్లో, ఏరి తెచ్చింది రజిత. శుభ్రం చేసి, లోపలి రబ్బర్లు మార్చి, తన చిన్న కారుకు బిగించింది. క్లాసులు అయ్యాక రోజూ ఆ పనే. బిగించాక గాలి తీసింది. పెడల్ మెత్తగానే ఉంది. మళ్లీ తీసింది. ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చింది.

"సార్, మూడుసార్లు ఎయిర్ తీసిన. అయినా పెడల్ మెత్తగనే ఉంటున్నది. ఒక్కసారి చూస్తరా?"

వెళ్లాను. కారు తలుపు తీసి సీట్లో కూర్చున్నాను. పెడల్ తొక్కాను, మెత్తగా దిగింది. రెండోసారి కొంచెం గట్టిపడింది. మూడోసారి ఇంకా గట్టిపడింది.

"కొత్త ప్యాడ్లు కదమ్మా. నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయి," అన్నాను.

"కింద ఒక్కసారి చూడరా సార్?"

"కింద ఏముంటుంది? నువ్వు చేశావుగా," అన్నాను. అది మెచ్చుకోలులా వినిపించింది ఆమెకు. నాకు కూడా అలాగే వినిపించింది. నిజానికి అప్పుడు నా మోకాలు నొప్పిగా ఉంది, చాయ్ చల్లారిపోతోంది. షెడ్డు నుంచి కారు బయటికి వెళ్లాలంటే ఇన్‌స్ట్రక్టరు చీటీ మీద సంతకం పెట్టాలి. బానెట్ మీద పెట్టుకుని సంతకం చేశాను.

మర్నాడు పొద్దున రజిత కాలేజీ వెనక రోడ్డు మీద కారు నడిపి చూసింది. క్యాంపస్‌లో పొద్దున్నే నడక మనుషులు ఉంటారు. ఆ రోడ్డు మలుపు దగ్గర పల్లంగా ఉంటుంది. అక్కడ పెడల్ తొక్కితే నేలదాకా దిగిపోయింది. ఆమె హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు తిప్పి, కారును సిమెంటు బెంచీకి కొట్టి ఆపింది. బెంచీ పక్కన నడుస్తున్న పెద్దాయన ఒకరు పక్కకు దూకి పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, కళ్లజోడు పగిలింది. అంతకంటే ఏమీ కాలేదు. అంతకంటే ఏమైనా అయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

గోడ వైపు చూసిన చూపు

కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. ఆ పెద్దాయన ఫిర్యాదు ఇచ్చారు, ఇవ్వడం న్యాయమే. విచారణ కమిటీ వేశారు. డిపార్ట్‌మెంట్ హెడ్డు భాస్కర్ నన్ను పిలిచి, కారు చూసి కారణం చెప్పమన్నాడు. భాస్కర్ కూడా ఒకప్పుడు మా షెడ్డు విద్యార్థే. ఇప్పుడు నాకు పై అధికారి అయినా నన్ను సార్ అనే పిలుస్తాడు.

గోడకు తగిలించిన గోనెపట్టా దులిపి, చాలా ఏళ్ల తర్వాత నేల మీద పరిచాను. ముక్కుతూ మూలుగుతూ కింద దూరాను. ఒక్క చూపు చాలింది. రెండు కాలిపర్లకూ నిపుల్ కింది వైపు ఉంది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. నిపుల్ కిందుంటే కాలిపర్ పై భాగంలో చేరిన గాలి ఎన్నిసార్లు తీసినా బయటికి రాదు. కుడి వైపుది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే ఇలా అవుతుంది. కబాడీ నుంచి తెచ్చినవి కాబట్టి వాటి మీద గుర్తులు చెరిగిపోయాయి.

బయటికి వచ్చి రజిత మీద విరుచుకుపడ్డాను. "నిపుల్ కిందికి పెడతారా ఎవరైనా? గాలి పైకి పోతుందా, కిందికి పోతుందా? ఆరో క్లాసు పిల్లను అడిగినా చెబుతుంది! ఎవరమ్మా నీకు ఈ పని నేర్పింది?"

రజిత నా భుజం మీదుగా గోడ వైపు చూసింది.

నేనూ తిరిగి చూశాను. ఏం చూస్తోందో కాసేపు అర్థం కాలేదు. గోడకు నా బోర్డు ఉంది. దాని మీద కాలిపర్ ఉంది. దాని నిపుల్ కింది వైపు ఉంది. దాని కింద గాజు సీసా తళతళలాడుతోంది.

ఇరవై రెండేళ్ల కిందట దాన్ని నేనెందుకు అలా బిగించానో అప్పుడు గుర్తొచ్చింది. నిపుల్ పైన ఉంటే ఆయిల్ పలక మీదికి కారి మరకలు పడేవి. కిందికి తిప్పితే చుక్కలు చక్కగా సీసాలో పడ్డాయి. బోర్డు శుభ్రంగా ఉందని సంతోషించాను. ఆ బోర్డు పెడల్ మొదటి రోజు నుంచీ మెత్తగానే ఉండేది. పాత సామాను కదా, అంతేలే అనుకున్నాను. కార్ల మీద పని చేసేటప్పుడు నా చేతులు ఎన్నడూ ఆ తప్పు చేయలేదు. ఏ కారు కాలిపర్ ఆ కారుకు, తీసిన వైపే బిగిస్తాం కాబట్టి పిల్లలకూ ఆ తప్పు చేసే అవకాశం రాలేదు. విడి కాలిపర్లు తెచ్చి సొంతంగా బిగించిన మొదటి మనిషి రజితే.

"మొదలు నిపుల్ పైకే వచ్చినయి సార్," అంది మెల్లగా. "బోర్డు చూసి, నాదే తప్పనుకున్న. రెండూ ఇప్పి, ఇటుది అటు, అటుది ఇటు ఏసిన."

నాకు చాలా సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు చేసిన పని ఏమిటో కూడా చెప్పాలి. నేను మాట్లాడకుండా చెయ్యి కడుక్కుని, స్కూటరెక్కి తార్నాక వచ్చేశాను.

రెండు రోజులు

రెండు రోజులు నోరు విప్పలేదు. కమిటీకి రజిత రాసిచ్చిన కాగితంలో "బిగించింది నేనే, తప్పు నాదే" అని మాత్రమే ఉందని తెలిసింది. నా పేరు లేదు, నా సంతకం మాట లేదు. అనుమతి లేని మార్పులు చేసి క్యాంపస్‌లో మనుషుల ప్రాణాల మీదికి తెచ్చిందని ఆమె ఫైల్లో రాయబోతున్నారని కూడా తెలిసింది. ఆ వాక్యం పడితే పోస్టు పోయినట్టే.

మొదటి రోజు నేను చెప్పుకున్న సాకు, కాలిపర్ ఎటు బిగించాలో ఆలోచించుకోవాల్సింది ఆమే అని. రెండో రోజు సాకు ఇంకా చవకబారుది. మూడు నెలల్లో నాకు శాలువా కప్పుతారు. నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లలు వందల మంది వస్తారు. వాళ్ల ముందు, ఇరవై రెండేళ్లు తప్పు బోర్డు చూపించిన మనిషిగా నిలబడాలా? యాదగిరి గారు గుర్తొచ్చారు. వంగడం మానేశాక కుర్చీ ఉద్యోగం చూసుకోమన్నారాయన. నేను కుర్చీ ఉద్యోగాన్ని షెడ్డులోనే చేసుకున్నాను.

మూడో రోజు పొద్దున భాస్కర్ గదికి వెళ్లాను. చీటీ మీద సంతకం నాదని చెప్పాను. కింద చూడమని రజిత అడిగినా చూడలేదని చెప్పాను. చివరికి అసలుది చెప్పాను.

"భాస్కర్, మన బోర్డు తప్పు. కాలిపర్ తలకిందులుగా ఉంది. ఆ పిల్ల దాన్ని చూసే బిగించింది."

భాస్కర్ ఆశ్చర్యపోతాడనుకున్నాను. అతను పేపర్‌వెయిట్ అటూ ఇటూ తిప్పాడు.

"అది నాకు ఎర్కే సార్," అన్నాడు.

"ఏది ఎరుక?"

"బోర్డు తలకిందులున్నదని. సెకండ్ ఇయర్ నుంచే ఎర్కే. గోల్నాకల మా మామకు షెడ్డుండె గద, సెలవులల్ల గాడ పని చేసేటోణ్ణి. మీ బోర్డు చూసిన దినమే సమజైంది. నాకొక్కనికే కాదు, మా బ్యాచ్ల నలుగురైదుగురికి ఎర్కే."

"మరి ఒక్కడూ చెప్పలేదేం నాకు?"

"మీకెట్ల చెప్తం సార్?" అన్నాడు, అడగరానిది అడిగినట్టు చూసి. "మూర్తి సారు పెట్టిండంటే ఏదో కారణం ఉండే ఉంటదనుకున్నం. ఇప్పుడు కూడ ఇవన్ని మీ మీదికెందుకు తెచ్చుకుంటరు? మూడు నెలలల్ల రిటైర్ అయితున్నరు. మంచిగ పోండి సార్."

ఇరవై రెండేళ్లు ఏటా కొత్త బ్యాచ్. అందులో ప్రతి ఏడూ నలుగురైదుగురికైనా తెలిసే ఉంటుంది. తెలిసి, నా ముందు తలూపి, బయటికి వెళ్లి తమ షెడ్లలో సరిగ్గా బిగించుకుని బతికారు. మర్యాదగానే చేశారు. పెద్దల మాట చద్దిమూట అంటారు. చద్దిమూట అయినా విప్పి, వాసన చూసి తినాలని ఎవరూ అనరు. నేనూ ఎవరికీ చెప్పలేదు. పైగా క్లాసులో ఎవడైనా ఎదురు ప్రశ్న వేస్తే, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పనిస్తావా?" అనడం నా అలవాటు. అది వినీ వినీ తెలిసినవాళ్లు నోరు మూసుకున్నారు.

"నేను రాసిస్తాను. నువ్వు కమిటీకి పంపు," అన్నాను. అక్కడే కూర్చుని రాసిచ్చాను. నా రాతలో ఎప్పుడూ ఉండే హంగులు ఆ రోజు లేవు.

షెడ్డుకు వెళ్లి ఈ సంగతంతా రజితకు చెప్పాను. భాస్కర్ అన్న మాటలు కూడా దాచకుండా చెప్పాను. ఆమె చేతిలోని పానా బల్ల మీద పెట్టింది.

"అంటే సార్, ఇన్నేండ్లల్ల మిమ్మల్ని పూర్తిగ నమ్మింది నేనొక్కదాన్నేనా?" అంది.

ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది అడిగింది.

పెడల్ గట్టిపడింది

కాలిపర్లు రెండూ విప్పి సరైన వైపులకు మార్చాం. రజితను సీట్లో కూర్చోబెట్టి నేను గోనెపట్టా మీద పడుకున్నాను. తొక్కు అన్నాను, పట్టు అన్నాను, వదులు అన్నాను. నాలుగోసారికి బుడగలు ఆగిపోయి స్వచ్ఛమైన ఆయిల్ వచ్చింది. పెడల్ రాయిలా గట్టిపడింది. "ఆగింది సార్!" అని లోపల నుంచి కేకేసింది, కదలని కారులో కూర్చుని. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం.

కమిటీ ఇన్‌స్ట్రక్టరుకు మందలింపు రాసింది. రజితను క్యాంపస్ రోడ్ల మీద పరీక్షలు చేయవద్దంది. ఆమెకు పోస్టు వచ్చింది. నాకు శాలువా కప్పారు. వచ్చిన పాత విద్యార్థులందరూ నన్ను పొగిడారు, బోర్డు మాట ఒక్కరూ ఎత్తలేదు. అదీ మర్యాదే. శాలువా వేడిగా ఉంది, త్వరగా తీసేశాను.

ఆ గోడ ముందు

మొన్న షెడ్డుకు వెళ్లాను. కొత్త బ్యాచ్ మొదటి రోజట. లోపల అడుగు పెట్టగానే గోడ మీద నా బోర్డు, అలాగే తలకిందులుగా, సీసాతో సహా కనిపించింది. నాకు చిర్రెత్తింది.

"ఇంకా మార్చలేదేమ్మా?"

"కావాల్నని ఉంచిన సార్," అంది రజిత. "మొదటి దినం అందర్నీ దీని ముందట నిలబెడుతున్న. ఇందుల తప్పేందో చెప్పినోళ్లకే పానా చేతికిస్త అంటున్న."

"మరి ఎంతమంది చెప్పారు?"

"చూసుడైతే చూస్తున్నరు సార్. నోరు తెరుస్తలేరు. ఎవరు పెట్టిండ్రు మేడం అని అడుగుతరు. మా సారు అంటే ఇగ సప్పుడు లేదు." కొంచెం ఆగి అంది, "మీరే అడగండి సార్ ఒకపారి."

పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. నేను బోర్డు పక్కకు వెళ్లి నిలబడ్డాను. "ఈ బోర్డు చేసింది నేనే. ఇందులో ఒక తప్పుంది. ఇరవై రెండేళ్లు నాకు కనిపించలేదు. చూసినవాళ్లు నాకు చెప్పలేదు. దానివల్ల ఒకాయనకు ప్రాణం పోయినంత పనైంది," అన్నాను.

వెనక వరసలో ఒక అమ్మాయి చెయ్యి సగం లేపి, మళ్లీ దించబోయింది.

"చెప్పమ్మా."

"తప్పుగ అనుకోవద్దు సార్..."

"అనుకోను. చెప్పు."

"నిపుల్ కిందికున్నది సార్. గాలి పోదు."

"అవునమ్మా," అన్నాను. "తప్పు నాదే."

రజిత వెళ్లి ఆ అమ్మాయి చేతిలో పానా పెట్టింది.